జేబులో డిజిటల్ డైరీ: జ్ఞాపకం ఎక్కడ, ప్రాణం ఎక్కడ?

ప్రశ్న (గుంటూరు, లక్ష్మీపురం నుంచి): మా నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. నిరుడు కాలం చేశారు. ఆయన బీరువాలో పామ్ లైఫ్‌డ్రైవ్ అనే చేతి ఆర్గనైజర్ దొరికింది. 2005లో అమెరికా నుంచి మా బాబాయి తెచ్చి ఇచ్చారట. లోపల 4 గిగాబైట్ల హార్డ్ డిస్కు ఉందని పెట్టె మీద రాసి ఉంది. ఇప్పుడు వ్యాపారం నేను చూస్తున్నాను. ఫోను చేతిలో ఉంటే పని మీద మనసు నిలవడం లేదు. బాకీలు, ఫోను నంబర్లు, రోజువారీ పనుల కోసం దీన్నే వాడుకోవచ్చా? లేక ఇలాంటిదే మరొక పాతది కొనుక్కోవాలా? వీటిలో మంచిచెడ్డలు ఏమిటి? ముందు దీన్ని ఛార్జింగ్ పెట్టి చూడమంటారా?

సమాధానం:

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఛార్జింగ్ ఇప్పుడే పెట్టకండి. ఎందుకో కింద వస్తుంది. ఇరవై ఏళ్లు ఆగిన వస్తువు ఇంకో రెండు రోజులు ఆగుతుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు, విజయవాడల మధ్య మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగినవాడిని. పొద్దున కొత్తపేట ఆసుపత్రులు, సాయంత్రం అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లు, వారంలో రెండు రోజులు విజయవాడ గవర్నర్‌పేట. ఎంతోమంది డాక్టర్ల పేర్లు, వాళ్లు ఏ వేళకు దొరుకుతారు, ఏ మందు రాస్తారు, ఎవరి పిల్లల పుట్టినరోజు ఎప్పుడు, ఇవన్నీ తలలో పెట్టుకోవడం నా వల్ల కాలేదు. అందుకే 1990ల నడుమ నుంచి నా చొక్కా జేబులో ఏదో ఒక డిజిటల్ డైరీ ఉంటూనే వచ్చింది. ఇప్పుడు పటమటలో ఇంట్లో కూర్చుని పాతవి విప్పి బాగుచేయడం నా కాలక్షేపం. మా ఆవిడ దృష్టిలో అది వేరే సంగతి.

నా మొదటి డైరీ క్యాలిక్యులేటర్‌కు అన్నలాంటిది. మూత తెరిస్తే ఒక పక్క చిన్న తెర, మరో పక్క బుడిపెల్లాంటి మీటలు. జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. నాలుగేళ్లలో నా వృత్తి మొత్తం దానిలోకి ఎక్కింది. ఒకనాడు తెర మసకబారుతోందని బ్యాటరీ మార్పించడానికి ఒక కొట్టుకు తీసుకెళ్లాను. వీటిలో రెండు రకాల బిళ్ల బ్యాటరీలు ఉండేవి. పని నడిపేవి కొన్ని, వాటిని మార్చేటప్పుడు జ్ఞాపకాన్ని కాపాడేది మరొకటి. రెండింటినీ ఒకేసారి తీయకూడదని వెనుక మూత మీదే రాసి ఉంటుంది. ఆ కుర్రవాడు మూత విప్పి, అరచేతిలో బోర్లించి అన్నీ ఒకేసారి దులిపాడు. కొత్తవి వేసి ఎంతో మర్యాదగా నా చేతికి ఇచ్చాడు. తెర మీద తేదీ, గడియారం మొదటి రోజు నుంచి మొదలయ్యాయి. డాక్టర్లు ఒక్కరూ లేరు. ఆ తరువాతి మూడు వారాలు బ్రాడీపేటలో ఒక్కో లైనూ తిరిగి, బోర్డుల మీద పేర్లు చూసి మళ్లీ రాసుకున్నాను. తప్పు కుర్రవాడిది కాదు, నాది. నకలు లేకుండా నాలుగేళ్లు నడిపింది నేనే కదా.

అప్పటి నుంచి ఏ ఆర్గనైజర్ చేతికి వచ్చినా రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది గుర్తుపెట్టుకునేది ఎక్కడ? దీన్ని బతికించేది ఏమిటి? ఎన్ని గిగాబైట్లు, ఎంత రంగుల తెర అన్నవి ఆ తరువాతి మాటలు. ఈ రెండు ప్రశ్నలతో చూస్తే మీ లైఫ్‌డ్రైవ్ సంగతి తేలిపోతుంది.

మొదటి తరం వాటిలో సమాచారమంతా ర్యామ్‌లోనే. 1996లో పామ్ సంస్థ నుంచి వచ్చిన తొలి పైలట్‌లో అది 128 కిలోబైట్లు, ఖరీదైన రకంలో 512. ర్యామ్ అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తు, కరెంటు పోతే పలక తుడిచినట్టే. ఆఫ్ చేశామని మనం అనుకున్నా లోపల సన్నగా కరెంటు తాగుతూనే ఉంటుంది. కానీ ఎంత పొదుపంటే, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో వారాల తరబడి నడిచేది. బ్యాటరీలు మార్చేటప్పుడు సుమారు ఒక్క నిమిషం పాటు లోపలి కెపాసిటర్, అంటే కాస్త కరెంటును దాచుకునే చిన్న భాగం, జ్ఞాపకాన్ని పట్టి ఉంచేది. ఆ నిమిషంలో పని ముగించాలి. బస్సులో మారుస్తుంటే ఒక బ్యాటరీ సీటు కిందికి దొర్లిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను.

ఈ పైలట్ రూపకర్త జెఫ్ హాకిన్స్ యంత్రం తయారు కాకముందే అదే కొలతలో చెక్క ముక్క ఒకటి చేయించి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా కలుద్దామంటే ఆ చెక్కను తీసి, పుల్లతో తట్టి, తీరిక ఉందో లేదో చూస్తున్నట్టు నటించేవాడు. మన కొండపల్లిలో అయితే పొణికి చెక్కతో రంగులు కూడా వేసి ఇచ్చేవారు. నవ్వులాటకు చెప్పడం లేదు. ఈ పరికరాల అసలు బలం ఆ చెక్క ముక్కలోనే ఉంది. జేబులో పట్టాలి, తీయగానే తెరుచుకోవాలి, చూసి మళ్లీ లోపల పెట్టేయాలి. మీట నొక్కిన క్షణంలో నిన్న ఆపిన పేజీ ప్రత్యక్షం. ఎదురుచూపు లేదు. డాక్టరు గది తలుపు తెరుచుకునే లోపు ఆయన పేరు, పోయినసారి ఏమన్నారో చూసుకుని లోపలికి అడుగుపెట్టేవాడిని. ఇప్పటి ఫోనులో అదే పని మొదలుపెడితే దారిలో నాలుగు సందేశాలు చేయి పట్టుకుని లాగుతాయి. మీ బాధ అదే కాబట్టి ఈ బలాన్ని తక్కువగా చూడకండి.

రెండో రకం ఫ్లాష్ జ్ఞాపకం. బ్యాటరీ పూర్తిగా చచ్చినా రాసింది చెరగదు. 2004లో వచ్చిన పామ్ టంగ్‌స్టన్ టీ5, మరుసటి ఏడు వచ్చిన టంగ్‌స్టన్ ఈ2, టీఎక్స్ ఈ రకం. పాకెట్ పీసీలనే విండోస్ మొబైల్ పరికరాలు కూడా 2005లో 5.0 వెర్షన్‌తో ఈ దారికి వచ్చాయి. అప్పటిదాకా ఊరెళ్లి వారం తరువాత తిరిగొస్తే పాకెట్ పీసీ ఖాళీ పలకై కూర్చుని ఉండడం మామూలే. అయితే ఫ్లాష్‌కు తనదైన చాదస్తం ఉంది. ర్యామ్‌లా ఎక్కడ కావాలంటే అక్కడ ఒక్క అక్షరం రాయలేదు, గడులు గడులుగా రాస్తుంది. 2004 నాటి పామ్ ట్రియో 650 ఫోనులో మొదట ప్రతి చిన్న నమోదుకూ 512 బైట్ల గడి కేటాయించడంతో, పాత పరికరంలో హాయిగా ఇమిడిన సమాచారం కొత్తదాంట్లో పట్టలేదని కొన్నవాళ్లు గోల పెట్టారు. మీ భాషలో చెప్పాలంటే పది కాయలు వేసినా ఒక టిక్కీ, అంటే ఒక బస్తా లెక్కే. తరువాత సాఫ్ట్‌వేర్ మార్చి సర్దుకున్నారు.

మూడోది మీ చేతిలో ఉన్నది. లైఫ్‌డ్రైవ్ లోపల మైక్రోడ్రైవ్ అనే బుల్లి హార్డ్ డిస్కు ఉంటుంది. దీన్ని ఐబీఎం 1999లో తెచ్చింది. అప్పుడు 340 మెగాబైట్లు. తరువాత ఆ వ్యాపారం హిటాచి చేతికి వెళ్లింది, మీ దాంట్లోది వాళ్లదే. లోపలి పళ్లెం అడ్డకొలత ఒక అంగుళం, అంటే పాత స్టీలు రూపాయి బిళ్లంత. అది నిమిషానికి 3,600 సార్లు తిరుగుతుంది. ఇంత నాజూకైన గడియారపు పనితనాన్ని జేబులో పెట్టారంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. 2005లో 4 గిగాబైట్ల ఫ్లాష్ పెట్టాలంటే ధర ఆకాశంలో ఉండేది, అందుకే ఈ డిస్కు. పరికరం ధర అమెరికాలో 499 డాలర్లు.

దీని బలాలు ఒప్పుకోవాలి. పొడవాటి 320×480 రంగుల తెర, వై-ఫై, బ్లూటూత్, పైన ఎస్‌డీ కార్డుకు చోటు. అన్నిటికన్నా తెలివైనది డ్రైవ్ మోడ్. కేబులు తగిలించి ఆ మోడ్‌లో పెడితే ఏ కంప్యూటర్‌కైనా ఇది మామూలు పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. మీకు ముందు ముందు ఉపయోగపడేది ఇదే, గుర్తుంచుకోండి.

బలహీనతలు అంతకన్నా బరువైనవి. ఏ పని చేయాలన్నా డిస్కు తిరగాలి, కావలసింది అక్కడి నుంచి ర్యామ్‌లోకి రావాలి. అంటే మీట నొక్కగానే పేజీ అన్న ఆ పాత గుణం పోయింది. నంబరు వెతకడానికి రెండు మూడు సెకన్లు ఆగడం పెద్ద విషయమా అని అడగవచ్చు. యార్డులో వేలం పాట జరుగుతూ ఉండగా, మీ చేతి కింద రైతు నిలబడి పోయిన వారం తేజ రకం మిర్చి ఏ రేటుకు పోయిందని అడుగుతూ ఉండగా ఆ మూడు సెకన్లు లెక్కపెట్టి చూడండి. రెండోది, తిరిగేది ఏదైనా బ్యాటరీని తింటుంది, కింద పడితే దెబ్బ తింటుంది. మూడోది మనకు పెద్దగా అక్కర్లేనిది. ఇలాంటి డిస్కులో రాతను చదివే తలను పళ్లెం పైన తేల్చి ఉంచేది గాలి. గాలి పలచనయ్యే పది వేల అడుగుల పైన వీటికి భరోసా లేదు. తిరుమల కొండకు ఇబ్బంది లేదు కానీ లేహ్‌కు పట్టుకెళ్లకండి. మార్కెట్లో అది రెండేళ్లు కూడా నిలవలేదు, 2007 తొలి నెలల్లోనే ఆపేశారు. అదే ఏడు ఐఫోన్ వచ్చింది. ఆ తరువాత కథ మీకు తెలిసిందే. పామ్ సంస్థను 2010లో హెచ్‌పీ కొన్నది, మరుసటి ఏడే ఆ పరికరాలకు స్వస్తి చెప్పింది.

ఇప్పుడు ఒక తిరకాసు. జ్ఞాపకం విషయంలో లైఫ్‌డ్రైవ్ నా పాత డిజిటల్ డైరీ కన్నా ఎంతో మేలు. కరెంటు లేకపోయినా పళ్లెం మీది రాత అలాగే ఉంటుంది. కానీ ప్రాణం విషయంలో తలకిందులు. లిథియం బ్యాటరీని లోపల బిగించేశారు, వాడేవాడు మార్చుకునే వీలు లేదు. ట్రిపుల్ ఏ బ్యాటరీల పామ్‌కు జ్ఞాపకం నీటి మీది రాతే, అయినా ప్రాణం మాత్రం మీ వీధి చివరి కిరాణా కొట్లో దొరుకుతుంది. నా బీరువాలో ఈనాటికీ పొద్దున మీట నొక్కితే లేచి కూర్చునేవి అవే. లిథియంవి చాలావరకు పొట్ట ఉబ్బి తెరను బయటికి నెట్టాయి. మన ఎండల సంగతి చెప్పాలా? కారులోనో, రేకుల షెడ్డు కిందో రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం వదిలేస్తే లిథియం ఆయుష్షు చాలా వేగంగా కరుగుతుంది. ఎల్‌సీడీ తెర కూడా వేడికి నల్లబడిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలవుతుంది కాబట్టి దానికి భయపడనక్కర్లేదు.

తెర గురించి మీ వృత్తికి సంబంధించిన మాట ఒకటి. వీటి తెర ఒత్తిడితో పనిచేసే రకం. పుల్లతో, గోటితో, తొడుగు వేసుకున్న వేలితో కూడా రాయవచ్చు. చేతులకు మిర్చి ఘాటు అంటుకుని ఉన్నప్పుడు ఫోను ముట్టుకోలేరు కానీ దీని మీద పుల్లతో నిక్షేపంగా రాస్తారు. అయితే యార్డు దుమ్ము తెర మీద ఉండగా పుల్ల గీస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైన పారదర్శకమైన అంటింపు పొర తప్పనిసరి. ఎండలో చదవడానికి పాత నలుపు తెలుపు తెరలే మెరుగు.

తెలుగు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది, కానీ ఈ పామ్‌లకు ఆ కబురు అందలేదు. అక్షరానికి ఒక బైటు లెక్కన ఇంగ్లీషు కోసం కట్టిన ఇల్లు అది. ఇప్పటి ఫోను పద్ధతిలో ‘గుంటూరు’ అని తెలుగులో దాచాలంటే ఏడు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 21. ఇంగ్లీషు లిపిలో ఆరు బైట్లతో సరి. ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు. కాబట్టి నాన్నగారి పరికరంలో రైతుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, అదీ ఆయన సొంత వర్ణక్రమంలో. పరికరంలో వెతికేటప్పుడు ఒకే ఇంటిపేరును మూడు రకాలుగా ప్రయత్నించండి. మన దేశంలోనే పుట్టిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ భారతీయ భాషలను మనసులో పెట్టుకుని చేసినది. 2004లో అమిడా పేరుతో అమ్మకానికి కూడా వచ్చింది, కానీ జనం జేబుల్లోకి చేరలేదు. ఆ దిగులు నాకు ఇంకా ఉంది.

కొనే ముందు తెలియవలసిన మరో గడువు. పామ్ క్యాలెండర్‌లో సంవత్సరానికి కేటాయించింది ఏడు బిట్లు, లెక్క 1904 నుంచి. ఏడు బిట్లతో 128 ఏళ్లు వస్తాయి, అంటే 2031తో సరి. పదేళ్ల బాకీ రాసుకోవడానికి చోటు లేదన్నమాట. కంప్యూటర్‌తో కలపడం మరో తలనొప్పి. పాతవాటికి సీరియల్ పోర్టు కావాలి, అది ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఉండదు. యూఎస్‌బీ ఉన్నవాటికి 64 బిట్ విండోస్ కోసం పామ్ డ్రైవరు ఇవ్వలేదు, ఇతరులు చేసినదానితో నెట్టుకురావాలి. వై-ఫై ఉన్నా ఇప్పటి వెబ్‌సైట్లు తెరుచుకోవు. మీ అవసరానికి నా దృష్టిలో అది బలం కిందే లెక్క. ఎస్‌డీ కార్డు కొనేటప్పుడు 2 గిగాబైట్లు దాటవద్దు, పెద్దవి పెడితే చాలావరకు గుర్తుపట్టవు. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు గానీ తెలిసినవాడికి అది గొళ్లెమే, తాళం కాదు. బ్యాంకు వివరాలు రాయకండి.

ఇక నా సలహా. లైఫ్‌డ్రైవ్‌ను రోజువారీ పనికి దించకండి. అలాంటిదే మరొకటి అసలు కొనకండి. ఇష్టపడి మైక్రోడ్రైవ్ తీసి ఆ చోట కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అమర్చుకునేవాళ్లు ఉన్నారు, వేగం తేడా బాగా తెలుస్తుంది. అది నాలాంటి తీరిక ఉన్నవాడి సరదా, వ్యాపారికి కాదు. పాత ఆర్గనైజరే కావాలనుకుంటే టంగ్‌స్టన్ ఈ2 గానీ టీఎక్స్ గానీ చూడండి. కొనే ముందు బల్లమీద బోర్లా పెట్టి వీపు చదునుగా ఉందో లేదో చూసుకోండి, పూర్తిగా ఛార్జ్ చేసి గంటసేపు వాడి చూపించమనండి. ఖర్చు వద్దనుకుంటే ఇంట్లో పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోను తీసుకుని, సిమ్ తీసేసి, విమానం గుర్తు నొక్కి ఆ మోడ్‌లోనే ఉంచండి. తెలుగులో రాసుకోవచ్చు, 2031 గొడవ లేదు. నాకు మాత్రం మీట నొక్కగానే లేచే ఆ పాత పామ్ తృప్తి దాంట్లో దొరకదు. బాకీల విషయంలో ఇంకొక మాట. కాగితం చిట్టా మానకండి. నాకు తెలిసిన ఒక కమీషన్ వ్యాపారి టిక్కీల లెక్క, రేటు పామ్‌లో కొట్టి, రాత్రి ఇంటికి వెళ్లి అదే పుస్తకంలోకి ఎక్కించేవాడు. రెండు పనులెందుకని నేను అప్పట్లో నవ్వాను, నా డైరీ చెరిగిపోయిన రోజు వరకు.

ఇప్పుడు ఛార్జింగ్ సంగతి. పగటి వెలుతురులో పరికరాన్ని పక్క నుంచి చూడండి. అతుకు విచ్చుకున్నా, వీపు కొద్దిగా ఉబ్బినా కరెంటు ఇవ్వవద్దు. అప్పుడు బాగుచేసేవాళ్ల చేత విప్పించి బ్యాటరీ మార్పించడమే మార్గం. బాగానే ఉంటే దాని సొంత ఛార్జరుతోనే, మంచం మీద కాకుండా గచ్చు మీద పెట్టి, పక్కనే కూర్చుని పెట్టండి. రాత్రంతా వదిలేయవద్దు. వేడెక్కితే వెంటనే తీసేయండి. లేచాక లోపల టక్ టక్ మని శబ్దం వస్తే ఆపేయండి, ఆ డిస్కును తిప్పిన కొద్దీ పోతుంది. శబ్దం లేకపోతే ఏ పేజీ తెరిచి చూడాలన్న ఆత్రం పడకుండా ముందు డ్రైవ్ మోడ్‌లో పెట్టి ఫోటోలు, ఫైళ్లు కంప్యూటర్‌లోకి తీసుకోండి. అడ్రసులు, క్యాలెండర్ అలా రావు, వాటికి హాట్‌సింక్, అంటే పామ్‌లోని సమాచారాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం కావాలి. అవి వచ్చాక అడ్రసు పుస్తకంలో పేరు పక్కన చిన్న కాగితం గుర్తు ఉన్నవాటిని తప్పక తెరవండి. వ్యాపారులు అసలు సంగతులు ఆ నోట్‌లోనే రాసేవారు. పక్కన వాయిస్ మెమో కోసం ప్రత్యేకంగా ఒక మీట కూడా ఉంది. నాన్నగారు దాన్ని వాడి ఉంటే ఆయన గొంతు వినిపించవచ్చు.

కానీ వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని వేరు. 2005 ప్రాంతంలో ఇంట్లో గానీ కొట్లో గానీ ఏ కంప్యూటర్ ఉండేదో కనుక్కోండి. నాన్నగారు ఒక్కసారి హాట్‌సింక్ చేసినా, ఆ కంప్యూటర్ ప్రోగ్రాం ఫైల్స్‌లో పామ్ లేదా పామ్‌వన్ అన్న ఫోల్డర్ కింద ఆయన పేరుతో మరో ఫోల్డర్ ఉంటుంది. అందులో అడ్రసు, డేట్‌బుక్, బ్యాకప్ అన్నవి విడివిడిగా ఉంటాయి. అది దొరికితే ఈ ముసలి డిస్కును ఇబ్బంది పెట్టే అవసరమే రాకపోవచ్చు. ఆ పాత కంప్యూటర్ అటక మీద ఉందో, ఎవరికైనా ఇచ్చేశారో అమ్మగారిని అడిగి నాకు రాయండి.